నేస్తం ముందు చెయ్యలేని ప్రార్థన

నా చిన్నప్పుడు మా కొండల్లో చుట్టరికాలు రెండు రకాలుగా ఉండేవి. పుట్టుకతో వచ్చేది ఒకటి, నేస్తం కట్టుకుంటే వచ్చేది ఇంకొకటి. నేస్తం కట్టుకోవడమంటే ఇప్పటి పిల్లలు ఫోన్లో వేలితో నొక్కి స్నేహం చేసుకోవడం లాంటిది కాదు. చైత్ర పండగనాడు ఇద్దరు పిల్లలు పెద్దల ఎదుట తువ్వాళ్ళు మార్చుకుని, ఒకే అడ్డాకులో అన్నం తినేవాళ్ళు. ఇక ఆ రోజు నుంచి చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. ఒకరింట్లో ఏ పని జరిగినా, పెళ్ళయినా చావయినా, మొదటి కబురు నేస్తానికే పోవాలి. వచ్చిన నేస్తాన్ని అందరికంటే ముందు కూర్చోబెట్టాలి. నేస్తం పిల్లలు మన పిల్లలే. నేస్తం దగ్గర అబద్ధమాడితే ఇంటికి అరిష్టమని మావాళ్ళ నమ్మకం.

మా తాతయ్యకి అలాంటి నేస్తం ఒకాయన ఉండేవాడు. ఆయన మా ఊరి దిసారి. ముహూర్తాలు చూడడం, కొండదేవతకి పూజ చెయ్యడం, వేరుమందులివ్వడం, విరిగిన ఎముకలకి కట్టు కట్టడం ఆయన పని. మా తాతయ్యేమో ప్రార్థన గుడికి ఉపదేశి. పాస్టరు గారు నెలకోసారి మైదానం నుంచి రైల్లో వచ్చి, టైడా స్టేషన్లో దిగి, కొండెక్కి మా ఊరు చేరేసరికి ఆయాసంతో సగం ప్రసంగం మర్చిపోయేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేదీ, పిల్లలకి అక్షరాలు దిద్దించేదీ, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చునేదీ మా తాతయ్యే. అలా ఊరికి అటు పూజారి, ఇటు ఉపదేశి, ఇద్దరూ ఒకే ఆకులో తిన్నవాళ్ళు.

తాతయ్య బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆ నేస్తరికం తెంచుకోమని కొందరు గట్టిగా చెప్పారట. దానికి ఆయన చెప్పిన జవాబు మా ఇంట్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కూడా చెప్పుకునేవాళ్ళం. "మునగక ముందిచ్చిన మాట మునిగాక తప్పితే, ఆ మునకెందుకయ్యా?" అన్నాడట. అడిగినవాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మా ఊరిలో రెండు వీధులు, మధ్యలో చిన్న గెడ్డ, అంటే కొండవాగు. పై వీధి వాళ్ళం చాలామంది ప్రార్థనకి పోయేవాళ్ళం, కింద వీధి వాళ్ళు కొండదేవతని కొలిచేవాళ్ళు. అయినా ప్రార్థన గుడి గుమ్మం ఇద్దరికీ తెరిచే ఉండేది. వారమంతా అదే బడి. కింద వీధి పిల్లలూ మేమూ ఒకే చాప మీద కూర్చుని ఓనమాలు నేర్చుకున్నాం. వానాకాలం జ్వరాలప్పుడు అదే ఆసుపత్రి. తాతయ్య నిలబడి ప్రార్థన చేస్తుంటే దిసారి తాత కూర్చుని కషాయం పోసేవాడు. ఎవరి దేవుడు తగ్గించాడో ఎవరూ తగువుపడలేదు, తగ్గితే చాలనుకునేవాళ్ళు.

అలాంటి ఊరికి పంచాయితీ ఓట్లు వచ్చాయి. మా చిన్నాన్న సర్పంచికి నిలబడ్డాడు. ఎదురు నిలబడింది ఎవరనుకున్నారు, దిసారి తాత కొడుకే.

మా చిన్నాన్న చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. చదువుకున్నవాడు, చురుకైనవాడు, అన్యాయం చూస్తే ఊరుకునేవాడు కాదు. కొండ మీద నుంచి ఊటనీళ్ళు గొట్టంలో తెప్పించాలనీ, సంతదాకా బండి దారి వెయ్యించాలనీ, దున్నుకుంటున్న పోడు భూములకి పట్టాలు ఇప్పించాలనీ ఆయన కోరిక. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగినవాడు. మన మాట వినాలంటే మనవాడు కుర్చీలో ఉండాలి అనేవాడు. అందులో తప్పేముంది? నాకైతే అసలు తప్పే కనబడలేదు. చిన్నాన్న సర్పంచి అయితే జీపులో నన్ను అరకు సంతకి తీసుకెళతాడని, బడిలో అందరికీ అప్పుడే చెప్పేసుకున్నాను కూడా.

చిక్కెక్కడ వచ్చిందంటే, గెలవడానికి చిన్నాన్నా, ఆయన జతగాళ్ళూ ప్రార్థన గుడిని ఎంచుకున్నారు. ఓట్లకి ముందు వచ్చే ఆదివారం ఉపవాస కూటం పెడదామన్నారు. పై వీధంతా అన్నం మానేసి, చిన్నాన్న గెలుపు కోసం, ఎదుటివాళ్ళ ఓటమి కోసం ప్రార్థన చెయ్యాలి. ఆఖర్న ఒక్కొక్కరే వచ్చి బైబిలు మీద చెయ్యి వేసి, ఓటు మనవాడికే అని ఒట్టు పెట్టాలి. మా కొండల్లో ఒట్టంటే ఒట్టే. సారా పోసి ఓటు మార్చచ్చు గానీ ఒట్టు పెట్టినవాణ్ణి మార్చలేరు. అది చిన్నాన్నకి బాగా తెలుసు.

తాతయ్య వద్దన్నాడు. నిలబడు, తిరుగు, ఇల్లిల్లూ అడుగు, నా ఓటు నీకే, కానీ గుడిలో మాత్రం వద్దు అన్నాడు. చిన్నాన్న ఊరుకోలేదు. వాక్యం ఆయనకీ బాగా వచ్చు మరి. ఐగుప్తులో యోసేపు అధికారి కాలేదా, ఎస్తేరు రాణి కాలేదా, దావీదు రాజ్యం ఏలలేదా అని వరసపెట్టి అడిగాడు. మామ్మ పొయ్యి దగ్గర అంబలి కలుపుతూ వింటోంది, నేను ఆమె కొంగు పట్టుకుని వింటున్నాను. చిన్నాన్నే గెలిచాడనుకున్నాను.

తాతయ్య కాసేపు చుట్ట లేని నోటిని చుట్ట ఉన్నట్టు నమిలాడు. చుట్ట మానేసి చాలా ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "దావీదు రాజైనాడు, నాను కాదన్ను. మరి గుడి మాత్రం ఆయన సేత కట్టనీనేదు దేవుడు. అదెందుకో సూసుకున్నావేటి?"

యుద్ధాలు చేసి నెత్తురు చిందించిన చేతులని దేవుడు కట్టనివ్వలేదని చిన్నాన్నకీ తెలుసు, అందుకే కోపం వచ్చింది. గుడి నీ ఒక్కడిదా, సంఘం అందరిదీ, సంఘాన్నే అడుగుదాం అన్నాడు. అడిగారు. పెద్దల్లో ఎక్కువమంది చిన్నాన్న వైపే ఉన్నారు. పాస్టరు గారు ఆ నెల వచ్చినప్పుడు ఆయన్నీ అడిగితే, మీరూ మీరూ చూసుకోండి నాయనా అని, వచ్చిన రైలుకే తిరిగి వెళ్ళిపోయారు. ఒంటరిగా మిగిలింది మా తాతయ్య.

ఆ వారంలోనే గాలి మారడం మొదలైంది. గెడ్డలో బిందెలు ముంచే ఆడవాళ్ళు పై వీధి వాళ్ళు ఒక రేవులో, కింద వీధి వాళ్ళు ఒక రేవులో దిగారు. చాప మీద నా పక్కన కూర్చునే దిసారి తాత మనవరాలు రెండు రోజులు బడికి రాలేదు. మీ గుడిలో మా నాన్న ఓడిపోవాలని మొక్కుతారంట కదే అని మూడో రోజు గెడ్డ అవతలి ఒడ్డు నుంచి అడిగింది. నేను బిందె సగమే ముంచుకుని ఇంటికి పరుగెత్తాను. ఆ కూటం గనక జరిగి, ఒట్లు పడితే, గుడి ఇక పై వీధి పక్షమైపోతుంది. కింద వీధి గుంటలు, అదే పిల్లలు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కరు. తాతయ్య భయం అదే. కొడుకు ఓడతాడని కాదు, గుడి చిన్నదైపోతుందని.

ఒక సాయంత్రం తాతయ్య ఉన్నట్టుండి సరేనన్నాడు. సంఘమంతా కోరుకుంటే నేనెవణ్ణి, కూటం పెట్టుకోండి అన్నాడు. చిన్నాన్న మొహం వెలిగిపోయింది. అయితే ఒక్క మాట, ఇది నా కొడుకు పని, అంటే నా ఇంటి పని, నా ఇంటి పనికి ఆనవాయితీ ప్రకారం పిలవాల్సిన వాళ్ళని పిలుచుకుంటాను అన్నాడు. సంతోషంలో ఉన్న చిన్నాన్న, పిలుచుకో నాన్నా, ఎంతమందొస్తే అంత మంచిది అనేశాడు. మామ్మ మాత్రం పొయ్యి ఊదడం ఆపి తాతయ్య వైపు చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆమెకి అప్పుడే తెలిసిపోయిందని తరవాత చెప్పింది.

ఆదివారం పొద్దెక్కాక గుడి నిండింది. ఆడవాళ్ళం కుడివైపు, మగవాళ్ళు ఎడమవైపు, ఎవరి చాపల మీద వాళ్ళం. ముందు బల్ల మీద బైబిలు, ఒట్లకి సిద్ధంగా. ముందు వరసలో ఒక కొత్త చాప మాత్రం ఖాళీగా ఉంది. చిన్నాన్న అది తన కోసమే అనుకుని కూర్చోబోతే, తాతయ్య చేత్తో ఆపి బయటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కడే రాలేదు. వెనక దిసారి తాత, ఆయన వెనక ఆయన భార్య, మా దిసారి మామ్మ.

ఆయన ఉతికిన పంచె కట్టుకుని, తెల్ల తలపాగా చుట్టుకుని వచ్చాడు. నేస్తం ఇంటికి ఒట్టి చేతులతో రాకూడదు కాబట్టి చంకలో ఒక కోడిపెట్ట, దిసారి మామ్మ నెత్తి మీద బుట్టెడు చోళ్ళు, అంటే రాగులు. తాతయ్య వాళ్ళిద్దరినీ కొత్త చాప మీద కూర్చోబెట్టి, చెంబుతో కాళ్ళకి నీళ్ళిచ్చాడు. గుడిలో అరుస్తున్నది కోడి ఒక్కటే. దిసారి తాత అందరినీ ఒకసారి కలయజూసి, దగ్గు ఆపుకుని, నవ్వి, "కానీండి, కానీండి. నానూ పొద్దున్నుంచి ఏటీ ముట్టనేదు. నేస్తం ఇంట ఒక్కపొద్దంటే నాకూ ఒక్కపొద్దే" అన్నాడు.

ఆ మాటతో చిన్నాన్న మొహంలో నెత్తురు లేదు. ఏ కొడుకు ఓడిపోవాలని ఉపవాసం పెట్టారో, ఆ కొడుకు తండ్రి కూడా ఉపవాసం ఉన్నాడు.

కూటం మొదలైంది. ముందుగా ప్రార్థన చెయ్యడానికి లేచింది పెద్దల్లో అందరికంటే ఆవేశం ఉన్నాయన. వారమంతా శత్రువులు అణగారిపోవాలని వీధరుగుల మీద చేతులు తిప్పినవాడు. కళ్ళు మూసుకుని, ప్రభువా, మా శత్రువుల్ని అని ఎత్తుకున్నాడు. అక్కడ ఆగాడు. నేను వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నాను. ఆయనా ఒక కన్ను తెరిచి చూశాడు. చెట్టు మీద నుంచి పడి తన కాలు విరిగితే కట్టు కట్టి, పక్షాల తరబడి రోజూ వచ్చి నూనె రాసిన చేతులు ఎదురుగా చాప మీద ముడుచుకుని ఉన్నాయి. మా శత్రువైన సాతానుని అని సర్దుకుని, అక్కడి నుంచి వానల మీదకి, వానల నుంచి చోడి చేలని పాడుచేసే పందుల మీదకి పోయి, పందుల దగ్గర ఆమెన్ అనేశాడు.

తరవాత లేచింది చిన్నాన్న జతగాడి తల్లి. ఆమె నోరు పెద్దది, ఆమె అడిగితే దేవుడు కాదనలేడని అందరూ అనేవాళ్ళు. ఆమె నిలబడి, దిసారి మామ్మ వైపు చూసి, గుటకలు మింగి, చివరికి దిసారి తాత దగ్గు తగ్గాలని ప్రార్థన చేసింది. అందరూ ఆమెన్ అన్నారు. దిసారి తాత కూడా అన్నాడు. ఇంకొకాయన పశువుల కోసం అడిగాడు. ఒకరి తరవాత ఒకరు లేవడమే గానీ ఏ పనికి కూడారో ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. నాకు నవ్వు ఆగలేదు. మామ్మ తొడపాశం పెట్టింది గానీ, ఆమె భుజాలూ కదులుతూనే ఉన్నాయి.

ఆఖరికి చిన్నాన్న వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. ఊరంతా తెలిసిన సంగతే అయినా, దిసారి తాత మెడెత్తి, ఏమీ ఎరగనట్టు చాలా ప్రేమగా అడిగాడు. "ఏటి నాన, పిలిసినారు, కూకోబెట్టినారు, పని ఏటో ఎవులూ సెప్పరేటి?"

నేస్తం దగ్గర నేస్తమే కాదు, నేస్తం పిల్లలూ అబద్ధమాడకూడదు. చిన్నాన్న బైబిలు వైపు చూశాడు, తాతయ్య వైపు చూశాడు. తాతయ్య తల వంచుకుని ఉన్నాడు.

"నాను గెలవాలని అడగడానికి కూడినాం పెదనాన" అన్నాడు చిన్నాన్న. తరవాతది కూడా చెప్పేశాడు. "మరి... మీవోడు ఓడాలని."

నాకు నవ్వు పోయింది. దిసారి తాత లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఇక రేపటి నుంచి చాప మీద నా పక్క ఖాళీ అనుకున్నాను. ఆయన లేవలేదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, పిల్లవాడికి నచ్చజెప్పినట్టు చెప్పాడు. "అదా? మరి సిగ్గెందుకురా. నువ్వు గెలవాలని అడుగు, నానూ ఆమెనంతాను. ఆడు గెలవాలని మా కొండమీద నాను అడిగేటప్పుడు నువ్వొచ్చి నా పక్కన కూకో. ఇద్దరూ నా గుంటలే. ఓడాలని మాత్రం నా నోట రాదు నాన, అదొక్కటీ నువ్వు అడుక్కో."

చిన్నాన్న అడగలేదు. మెల్లగా బల్ల దగ్గరికి వెళ్ళి, ఒట్ల కోసం తెరిచి ఉంచిన బైబిలు మూసి, తాతయ్య చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయాడు. తాతయ్య లేచి, ఎవరు గెలిచినా గొట్టంలో నీళ్ళు రెండు వీధులకీ రావాలని రెండే మాటల ప్రార్థన చేసి కూటం ముగించాడు. ఆ ఆదివారం గుడిలో ఒక్క ఒట్టూ పడలేదు. ఉపవాసం మాత్రం అందరూ కలిసి విప్పారు, కోడికూరతో.

చిన్నాన్న ఓడిపోయాడు. కొద్దిలోనే ఓడాడు. ఒట్లు పెట్టించుకుని ఉంటే గెలిచేవాడని మా వీధిలో అందరూ అన్నారు, అది నిజమే అయ్యుండొచ్చు. సొంత కొడుకుని ఓడించిన ఉపదేశి అని తాతయ్యని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. చిన్నాన్న చోళ్ళు కోతకొచ్చేదాకా తండ్రితో మాట్లాడలేదు. ఆ రోజుల్లో తాతయ్య అన్నం సరిగ్గా తినేవాడు కాదు, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. మంచి పని చేశాక మనసు హాయిగా ఉంటుందని పెద్దవాళ్ళు చెబుతారే, అది అన్నిసార్లూ నిజం కాదు.

కానీ ఓట్ల మర్నాడు కింద వీధి పిల్లలందరూ బడికి వచ్చారు. గెలిచినవాడి కూతురు వచ్చి నా పక్కన కూర్చుని, నా పలక మీద నీళ్ళు చల్లి ఏడిపించింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కొత్త సర్పంచి గొప్ప పనులేం చెయ్యలేదు గానీ, చిన్నాన్నే అతని ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, నీళ్ళ గొట్టం ఎప్పుడురా అని నిలదీసేవాడు. అన్నదమ్ముల మధ్య నిలదీతకి ఆఫీసు అర్జీ కంటే పదునెక్కువ. గొట్టం వచ్చింది, రెండు వీధులకీ వచ్చింది. కోపం చల్లారాక చిన్నాన్నే, మా నాన్న నన్ను కోడిపెట్టతో ఓడించాడని పదిమందిలో చెప్పుకుని నవ్వేవాడు.

ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు, కాఫీ తోట మనవలు చూసుకుంటున్నారు. మా గుడి సిమెంటుది, మైకులున్నాయి, కుర్రాళ్ళకి వాట్సాప్ గ్రూపు ఉంది. ఓట్లొస్తే చాలు, అందులో రెండు జట్లు. మనమంతా ఒక్కటై మనవాణ్ణి గెలిపించుకోవాలని కొందరు, రాజకీయం పాపం, సంఘం పని సువార్త ఒక్కటేనని కొందరు. క్రిస్మస్ వస్తే కేకు కొయ్యడానికి నాయకులు వరస కడతారు, ఏసుప్రభువు పుట్టింది వీళ్ళని గెలిపించడానికే అన్నట్టు. ఆ రెండు జట్లకీ నేను తాతయ్య మాటే చెబుతాను. నిలబడండి, తిరగండి, గెలవండి, గెలిచి ఆకలిగొన్నవాడికి అన్నం దొరికేలా చూడండి, అదీ దేవుడి పనే. గుడిని మాత్రం ఎవరి పక్షమూ చెయ్యకండి. మనకి ఓటెయ్యనివాడు రేపు ఏడుపొస్తే ఎక్కడికి పోతాడు?

మొన్న ఒక అభ్యర్థి జనంతో వచ్చి, స్త్రీల సమాజం పెద్దవు కదా అమ్మమ్మా, నా గెలుపు కోసం ప్రార్థన చెయ్యి అన్నాడు. తప్పకుండా చేస్తాను బాబూ, ఎదుటి అభ్యర్థి వాళ్ళమ్మ ఈ ఊరిదే, కబురంపాను, ఆమె వచ్చి కూర్చోగానే మొదలుపెడదాం అన్నాను. ఆయనకి బేగి వెళ్ళాల్సిన పని గుర్తొచ్చింది.

నవ్వులాటకి చెప్పడం లేదు, నేను బతికిన పద్ధతే అది. పొలం గట్టు తగువైనా, కోడళ్ళ మీద కోపమైనా, దేవుణ్ణి ఏదన్నా అడగాలనిపించినప్పుడు కళ్ళు మూసుకునే ముందు, ఆ ప్రార్థన నెరవేరితే నష్టపోయే మనిషిని తెచ్చి నా ఎదుట చాప మీద కూర్చోబెట్టుకుంటాను. అప్పుడు చాలా ప్రార్థనలు నోట్లోనే ఆగిపోతాయి. మిగిలేవి కొన్నే. వాటిని మాత్రం దేవుడి ముందైనా, మనిషి ముందైనా ఒకే గొంతుతో అడుగుతాను.